పస్తులున్న నలభై పెట్టెలు

రెండు వందల తొంభై నాలుగు.

మందాకిని షుగర్ మిషన్ని ఒకసారి విదిలించి మళ్లీ చూసింది. అంకె కదల్లేదు.

"అత్తయ్యగారూ, నిజం చెప్పండి. ఏం తిన్నారు?"

"నీ బుర్ర తిన్నాను" అంది వరహాలమ్మ, సూది గుచ్చిన వేలిని నోట్లో పెట్టుకుంటూ. "రోజూ ఇదే ప్రశ్న. పోలీసు స్టేషన్లో అయినా మధ్యలో ఓ టీ ఇచ్చి అడుగుతారు."

"కాజా తిన్నారా?"

"కాజా మొహం చూసి నెలన్నరైంది. మీ మావగారు నా ఎదురుగా కూచుని నవుల్తా ఉంటే ఆ చప్పుడు విన్నాను. చప్పుడుక్కూడా షుగరు పెరుగుద్దా?"

హాల్లో పేపరు వెనకాల సూర్యారావు గొంతు సవరించుకున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. రోజుకి మూడు కాజాలు తింటాడు. షుగరు తొంభై రెండు. ఈ లోకంలో న్యాయమనేది లేదనడానికి మందాకినికి ఇంట్లోనే దొరికిన రుజువు ఆయన.

వరహాలమ్మ ఎడమ కాలు స్టూలు మీద ఉంది. బొటనవేలి పక్క వేలికి కట్టు. నలభై మూడేళ్లుగా ఆ వేలికున్న మెట్టె, వేలు వాచినప్పుడు కండలోకి దిగింది. గీత పుండైంది. పుండు మొండిదైంది. ఆస్పత్రిలో మెట్టెని కత్తిరించి తీస్తుంటే ఆవిడ వార్డంతా వినపడేలా ఏడ్చింది. నొప్పికి కాదు.

సర్జను మాత్రం ఒక్క మాట కూడా పెంచి చెప్పలేదు. "ఇరవై నాలుగో తారీకున చూస్తాను. షుగరు రెండు వందల కిందకి దిగాలి, పుండులో కొత్త కండ కనపడాలి. లేకపోతే వేలు తీసెయ్యాలి. అప్పుడు కూడా మొండికేస్తే తర్వాత పాదం."

ఇవాళ పదమూడు.

"పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి. షుగరు వాళ్లు తాగే షేక్ ఏదైనా మంచిది చూసి ఇవ్వండి" అన్నది కూడా ఆయనే. మంచిది చూసి! ఎంత తేలిగ్గా అనేశాడు మహానుభావుడు! మందుల షాపులో షేక్ డబ్బాలు పన్నెండు రకాలున్నాయి. పన్నెండింటి మీదా 'మధుమేహులకు ప్రత్యేకం' అనే ఉంది. ఒకదాంట్లో చక్కెర లేదు గానీ దాని బదులు ఏదో పిండి కలిపారు. అది నోటికి చప్పగానే ఉంటుంది, కడుపులోకి దిగాక చక్కెరని మించి పరుగెడుతుంది. ఇంకోదాంట్లో పీచు ఉంది, మాంసకృత్తులు లేవు. మరోదాంట్లో అన్నీ సవ్యంగానే ఉన్నాయి, తీరా చూస్తే అంకెలు గ్లాసుకి కాదు, చెంచాకి రాశారు.

మామూలు కోడలైతే కళ్లు మూసుకుని ఒకటి కొనేది. మందాకినికి ఆ అదృష్టం లేదు. ఆ డబ్బాల గుట్టు విప్పడమే ఆమె ఉద్యోగం.

*

కాకినాడ పోర్టు రోడ్డులో మూతబడిన ఐసు ఫ్యాక్టరీలో ఉంది ఆ లేబొరేటరీ. ఒకప్పుడు చేపల కోసం ఐసు దిమ్మలు పేర్చిన హాల్లో ఇప్పుడు నలభై పెట్టెలు వరసగా ఉన్నాయి. ఒక్కోటి టిఫిన్ కారియర్ గిన్నె అంత. పేరు 'జోడు'.

ఒక మనిషి రక్తపు బొట్టు నుంచి ఆరు వారాలు పెంచిన కణాలు ఆ పెట్టెలో గోరువెచ్చటి ద్రవంలో బతుకుతుంటాయి. గోరంత పేగు, గోరంత కాలేయం, ఆవగింజంత క్లోమం. పైన చిన్న గరాటు. అందులో చెంచాడు షేక్ పోస్తే, ఆ మనిషి అది తాగిన రెండు గంటలకి షుగరు ఎంతకి చేరుతుందో నాలుగు నిమిషాల్లో చెప్పేస్తుంది. ఫరవాలేదంటే పచ్చ దీపం. వద్దంటే ఎర్ర దీపం. మనిషి తాగకముందే మనిషి తరఫున తాగి చూసే పెట్టె.

నలభై మంది షుగరు రోగుల తరఫున నలభై పెట్టెలు పన్నెండు డబ్బాలూ రుచి చూశాయి. తొమ్మిదో నంబరు డబ్బాకి నలభై పచ్చ దీపాలూ వెలిగాయి. పదిహేడో తారీకున ఆ డబ్బా కంపెనీకి లేబొరేటరీ ధ్రువపత్రం ఇస్తోంది. ఆ తర్వాత ప్రతి డబ్బా మీదా 'జోడు ఆమోదించినది' అన్న ముద్ర పడుతుంది.

నలభై ఒకటో పెట్టె వరహాలమ్మది. పుండు మొదలైన వారమే మందాకిని అత్తగారి రక్తం తీసుకెళ్లి పెంచింది. మూడో తారీకున ఇంటికి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి పన్నెండు డబ్బాలూ పరీక్షించింది. దీనికీ తొమ్మిదో నంబరే పచ్చ. ఐదో తారీకు నుంచి పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒక గ్లాసు.

అప్పుడు షుగరు రెండు వందల ముప్ఫై. ఇప్పుడు రెండు వందల తొంభై నాలుగు.

అది చాలదన్నట్టు, ఇంట్లో పెట్టె కూడా ప్లేటు ఫిరాయించింది. వారం నుంచి అదే తొమ్మిదో నంబరు పోస్తే ఎర్ర దీపం వెలిగిస్తోంది.

"పెట్టె పాడైంది" అన్నారు లేబొరేటరీ అధిపతి డాక్టర్ దీక్షితులు, కంప్యూటర్లోంచి తలెత్తకుండా. "వంటింట్లో పెట్టావు కదా. పోపు పొగ, మిరపకాయ ఘాటు. మా ఆవిడ పోపు పెడితే నేనే బతకలేను, కణాలేం బతుకుతాయి? తెచ్చి పడెయ్."

"మరి మనిషి షుగరు కూడా పెరుగుతోంది కదా సార్?"

"మీ అత్తగారు దొంగతనంగా తింటున్నారు. దానికి సైన్సు అక్కర్లేదు."

టెక్నీషియన్ ఇర్ఫాన్ బయటికొచ్చాక గొంతు తగ్గించి అన్నాడు. "మా నాన్న కూడా అంతే మేడమ్. ఒట్టేసి మరీ తినేవాడు. పాత ఫోనొకటి వంటింట్లో పెట్టి ఇక్కణ్ణుంచి చూడండి. రెండ్రోజుల్లో తేలిపోద్ది."

అత్తగారి మీద నిఘా! మందాకినికి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మర్నాడు పాత ఫోను ఆవకాయ జాడీల వెనక నిలబెట్టింది. గడువుకున్న పదకొండు రోజుల్లో ఒకటి అప్పటికే పోయింది.

*

పదిహేను. పొద్దున ఎనిమిది నలభై.

లేబొరేటరీలో తన బల్ల దగ్గర కూర్చుని మందాకిని ఫోన్లో వంటిల్లు చూస్తోంది. వరహాలమ్మ మడమ మీద కుంటుతూ వచ్చింది. పిండివంటల డబ్బాల వైపు వెళ్లలేదు. కాజాల సీసా వైపు కన్నెత్తి చూడలేదు. పళ్లెంలో మూడు ఇడ్లీలు పెట్టుకుని గట్టు పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. పెట్టె వైపు తిరిగింది.

"ఏమ్మా బుల్లెమ్మా, ఆకలేస్తందా? ఉండుండు."

ఇడ్లీ ముక్క తుంచి, మజ్జిగలో పిసికి, టీ వడపోతలో వడగట్టి, ఆ తెల్లటి నీళ్లు చెంచాతో గరాటులో పోసింది. ఇంకో చెంచా. చివర్లో ఒక బొట్టు పచ్చడి నీళ్లు కూడా.

మందాకిని ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.

బుల్లెమ్మకి పెట్టాక వరహాలమ్మ మూడు ఇడ్లీలూ తింది. చెయ్యి కడుక్కుంది. గ్లాసు నిండా తొమ్మిదో నంబరు కలుపుకుని, అందులోంచి చెంచాడు గరాటులో పోసింది. ఎర్ర దీపం.

"నీకూ నచ్చలేదా? నాకూ అంతే. ఏం చేస్తాం, మీ అమ్మ తాగమంది" అని ముక్కు మూసుకుని గ్లాసంతా గడగడా తాగేసింది.

ఇరవై నిమిషాల్లో మందాకిని ఆటో దిగింది. చెప్పులతోనే వంటింట్లోకి వచ్చింది.

"దానికి ఇడ్లీ పెడుతున్నారా!"

వరహాలమ్మ ఉలిక్కిపడింది గానీ తొణకలేదు. "నీకెవరు చెప్పారు?"

"ఎన్నాళ్ల నుంచి?"

"వచ్చిన నాలుగో రోజు నించీ. ప్రాణం ఉందన్నావు. నోరుందన్నావు. ఎదురుగా నోరున్నదాన్ని పెట్టుకుని దానికి పెట్టకుండా ఎలా తింటాం? దిష్టి కాదూ? వీధిలో కుక్కకైనా ముద్ద పడేసి తింటాం."

"అది పరగడుపున ఉండాలండీ! పరీక్షకీ పరీక్షకీ మధ్య నాలుగ్గంటలు దానికేమీ పెట్టకూడదు!"

"నాలుగ్గంటలు పస్తా? చంటిదాన్నా?"

మందాకిని నుదురు గోడకి కొట్టుకోవాలనుకుంది. గోడకి బదులు ఫ్రిజ్ తలుపు దొరికింది. దానికి తల ఆనించి నిలబడింది. అప్పుడే రెండో సంగతి మెల్లగా తలకెక్కింది.

"అత్తయ్యగారూ. మీరు టిఫిను తిన్నాక షేక్ తాగుతున్నారా?"

"మరి తాగమన్నావుగా."

"టిఫిను మానేసి తాగాలి. అది టిఫిను బదులు. మధ్యాహ్నం గ్లాసు అన్నం బదులు."

వరహాలమ్మ కోడలి వైపు తిరిగింది. "అలాగని నువ్వు ఎప్పుడు చెప్పావు?"

మందాకిని డబ్బా చేతిలోకి తీసుకుంది. ఐదో తారీకున తను అన్న మాట తనకి అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. 'పొద్దునొకటి, మధ్యాహ్నం ఒకటి తాగండి.' అంతే. 'బదులు' అన్న మాట లేదు. డబ్బా తిప్పి చూసింది. అడుగున, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, భోజనానికి బదులుగా వాడవలెనని. నాలుగేళ్లు ఈ డబ్బాలతో కాపురం చేసిన మనిషి. ఇంట్లో మనిషికి ఆ ఒక్క మాట చెప్పలేదు. ఆ మాట చెప్పనందుకు పది రోజులు పోయాయి.

"తాగింది తిండి కింద లెక్కేంటమ్మాయ్?" వరహాలమ్మ గొంతు తగ్గింది. "పాలు తాగినా, జావ తాగినా, అన్నం అన్నమే. మధ్యాహ్నం పక్కింటి నూకరత్నం గోడ మీంచి 'భోజనమైందా వదినా' అని అడుగుద్ది. లేదని చెప్పనా? కోడలు అన్నం పెట్టట్లేదనుకోరూ?"

హాల్లోంచి సూర్యారావు కలగజేసుకున్నాడు. "ఆయ్, అదీ నిజమే."

"మావయ్యగారూ, మీరు కాజా తినండి" అంది మందాకిని.

ఫోను తీసి సర్జనుకి చేసింది. ఆయన విని, మాత్రల మోతాదు మార్చి, ఇంకెవరికీ చెప్పకండి నవ్వుతారు అన్నాడు. మందాకినికి మాత్రం నవ్వు రాలేదు. ఆమెకి వేరే లెక్క తగిలింది. తొమ్మిదో నంబరు డబ్బాలు లేబొరేటరీ తరఫున కాకినాడలో ఇంకో అరవై ఇళ్లకి ఇచ్చారు, రుచి ఎలా ఉందో, కలుపుకోవడం తేలికో కాదో రాయమని. ఆ అరవై మందికి ఎవరు చెప్పారు?

*

సాయంత్రానికల్లా ఆమె, ఇర్ఫాన్ కలిసి ఇరవై రెండు ఇళ్లకి ఫోన్ చేశారు.

"టిఫిను తిన్నాక మాత్ర వేసుకుని దాంతోపాటే తాగుతన్నానండి."

"కాఫీ మానేశానమ్మా, దాని బదులు ఇది. మంచిదే కదా?"

"అన్నం మానడమా? షుగరు మనుషులం, కళ్లు తిరిగి పడిపోమూ?"

"మా ఆవిడ తాగదండి, నేను తాగుతన్నాను. నాకు షుగరు లేదు. పారెయ్యడమెందుకని."

ఇరవై రెండు మందిలో పంతొమ్మిది మంది తిండి మీద తాగుతున్నారు. ఇద్దరు అసలు తాగడం లేదు. ఒక్కరు, రిటైరైన ఇంగ్లీషు టీచరు, డబ్బా అడుగున చదివి తిండి మానేసి తాగుతున్నారు. ఆయన షుగరు ఒక్కటే దిగింది.

మర్నాడు దీక్షితులు ముందు ఆ కాయితం పెట్టింది.

"లేబుల్ మీద రాసే ఉంది" అన్నారాయన.

"చీమ తలకాయంత, సార్. ఇంగ్లీషులో."

"చదువుకోకపోతే అది మన తప్పా? పరికరం కణాన్ని పరీక్షిస్తుంది. కాపురాన్ని పరీక్షించదు."

"సార్, మన నలభై పెట్టెలూ పుట్టినప్పటి నుంచి పస్తున్నాయి. వాటి గరాటులో షేక్ తప్ప ఇంకేమీ పడలేదు. ఖాళీ కడుపున చెంచాడు షేక్ పోస్తే పచ్చ దీపమే వెలుగుతుంది. మనుషులు అలా తాగరు. మా అత్తగారి పెట్టె ఒక్కటే మనిషిలా తింది. అది వారం రోజులుగా వద్దు వద్దని ఎర్ర దీపం వెలిగిస్తోంది. మనమే దానికి పిచ్చిపట్టిందన్నాం."

"పచ్చడి నీళ్లు తాగిన పెట్టె సాక్ష్యం చెప్తుందా మందాకినీ? అందులో కణాలు ఎప్పుడో కుళ్లిపోయి ఉంటాయి. రేపు కంపెనీ వాళ్లొస్తున్నారు. ఇది నాలుగేళ్ల పని. నువ్వు ఇడ్లీ ముక్క పట్టుకొచ్చి ఆపేస్తానంటే నవ్విపోతారు."

"కుళ్లలేదని చూపిస్తే?"

దీక్షితులు మొదటిసారి తలెత్తారు. "చూపించాలంటే కొయ్యాలి. కణాలున్న గాజు పలక బయటికి తీసి, పేగు కోసి, మైక్రోస్కోపు కింద పెట్టాలి. కోశాక ఆ పెట్టె ఉండదు. కొత్తది పెంచాలంటే ఆరు వారాలు. ఈలోగా మీ అత్తగారి ఇరవై నాలుగో తారీకు వచ్చి వెళ్లిపోతుంది."

ఆ మాట నిజం. పెట్టె లేకపోతే ఈ ఎనిమిది రోజులూ అత్తగారికి ఏ గ్లాసు మంచిదో, ఎంత మంచిదో ముందుగా చెప్పే దిక్కు ఉండదు. అయినా ఇంటికెళ్లి అడిగింది.

వరహాలమ్మ పెట్టెని ఒళ్లోకి తీసుకుంది.

"కోస్తారా? నా చేతి ముద్ద తిన్నదాన్ని?"

"అది మీ కణాలేనండీ. మీ గోరు కత్తిరించినట్టు."

"గోరుకి ఆకలెయ్యదు" అంది వరహాలమ్మ. "నాకు తెలీదు. నన్నడక్కు. ముందు వేలన్నారు, ఇప్పుడు దీన్నంటన్నారు. ఈ ఇంట్లో కొయ్యడం తప్ప ఇంకో మాట లేదా?"

మందాకిని గ్లాసులో తొమ్మిదో నంబరు కలిపి పక్కన పెట్టి, పళ్లెం తీసేసింది.

*

పదిహేడు. కంపెనీ తరఫున వచ్చినావిడ ఖద్దరు చీర కట్టుకుంది, గడియారం మణికట్టు లోపలివైపు పెట్టుకుంది. పూలగుత్తి బల్ల మీద ఉంది. దీక్షితులు ధ్రువపత్రం మీద సంతకం చెయ్యడానికి కలం మూత తీశారు.

"ఒక్క నిమిషం సార్" అని మందాకిని లేచింది. పంతొమ్మిది మంది సంగతి చెప్పింది. ఒక్కో మాటకీ దీక్షితులు మొహం ఒక్కో రంగుకి మారింది.

"అది మేము ప్రచారంలో చూసుకుంటాం" అంది కంపెనీ ఆవిడ మర్యాదగా. "పరికరం ఫలితం పచ్చే కదా?"

"ఒక్క పెట్టె ఎర్రగా..."

"పాడైపోయిన పెట్టె" అన్నారు దీక్షితులు.

అప్పుడు బయట స్కూటరు ఆగిన చప్పుడైంది. తర్వాత వాచ్‌మన్ కేక. తర్వాత వాచ్‌మన్‌ని మించిన కేక.

"తప్పుకోవయ్యా, నేను పేషంటుని! నలభై ఒకటో నంబరు!"

వరహాలమ్మ సూర్యారావు భుజం పట్టుకుని కుంటుతూ హాల్లోకి వచ్చింది. ఒక చేతిలో టిఫిన్ కారియర్. సూర్యారావు చంకలో, తుండుగుడ్డ చుట్టి, పెట్టె.

"అత్తయ్యగారూ! కాలు కింద పెట్టొద్దన్నారు కదా!"

"నువ్వు ఆగు." ఆవిడ హాలంతా కలియజూసింది. వరసగా నలభై పెట్టెలు. నలభై ఖాళీ గరాటులు. ఒక్కొక్కదాన్నీ చూస్తూ మొత్తం వరస నడిచింది. వెనక్కొచ్చి దీక్షితులు ముందు నిలబడింది.

"వీటన్నిటికీ ఏం పెడతారు బాబూ?"

"ఏమీ పెట్టమండీ. పరీక్ష చేసినప్పుడు షేక్ పోస్తాం."

"ఎన్నాళ్ల నించీ?"

"మూడు నెల్ల నుంచీ."

"పస్తులుంచి, తర్వాత చెంచాడు పాలు పోసి, బావుందా అని అడుగుతారా?" వరహాలమ్మ తల పంకించింది. "పస్తున్నవాడికి గంజి నీళ్లు పోసినా బావుందంటాడు బాబూ. అదేం పరీక్ష? నా బుల్లెమ్మ తిని చెప్పింది. తిన్నాక చెప్పిందే నిజం."

ఇర్ఫాన్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

"అమ్మా, మీ పెట్టె చెడిపోయి ఉంటుంది" అన్నారు దీక్షితులు విసుగు దిగమింగుకుంటూ. "చెడిపోలేదని తెలియాలంటే..."

"తెలుసు. కొయ్యాలి. మా కోడలు చెప్పింది. అరవై ఇళ్లలో వేళ్లు కొయ్యడం కంటే ఇదే నయం." సూర్యారావు చంకలోంచి పెట్టె తీసుకుని తుండుగుడ్డ విప్పింది. టిఫిన్ కారియర్ పై గిన్నె తెరిచింది. వడగట్టిన పెరుగన్నం నీళ్లు. ఒక చెంచా గరాటులో పోసింది. "ఉత్తి కడుపుతో పంపకూడదు" అంది ఎవరితోనూ కాకుండా. పెట్టె ఇర్ఫాన్ చేతిలో పెట్టింది. "తొందరగా కానివ్వు నాయనా."

ఇర్ఫాన్ పలక తీశాడు, సన్నటి పొర కోశాడు, రంగు వేశాడు, మైక్రోస్కోపు కింద పెట్టాడు. వరహాలమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది.

తెర మీద బొమ్మ పడింది. పేగు పొర మీద వేళ్లలాంటి మడతలు ఒత్తుగా, నిటారుగా, వరిమడిలా ఉన్నాయి. పక్కన ఇర్ఫాన్ ఇంకో పలక పెట్టాడు. రెండు నెల్ల కిందట ఆగిపోతే మార్చేసిన పదిహేడో నంబరు పెట్టెది, పస్తున్నది. ఆ మడతలు ఎండిన గడ్డిలా వాలిపోయి ఉన్నాయి.

దీక్షితులు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"ఏది పాడైంది సార్?" అంది మందాకిని.

కంపెనీ ఆవిడే కుర్చీ లోంచి లేచింది. "ఆ కారియర్లో ఇడ్లీ ఉందా అమ్మా?"

"రెండో గిన్నెలో."

పస్తున్న పెట్టెల్లో ఐదింటికి ఇడ్లీ నీళ్లు పోశారు. వాటి మీద తొమ్మిదో నంబరు పోశారు. ఇంకో ఐదింటికి ఉత్త తొమ్మిదో నంబరు. నాలుగు నిమిషాలు. ఫ్యాన్ చప్పుడు.

ఉత్త షేక్ పోసిన వరసలో ఐదు పచ్చ దీపాలు. ఇడ్లీ తిన్న వరసలో ఐదు ఎర్ర దీపాలు.

దీక్షితులు కలానికి మూత పెట్టారు. "నాలుగేళ్లు!" అన్నారు పైకప్పు వైపు చూస్తూ. "నాలుగేళ్లలో ఒక్కడికి, ఒక్క వెధవకి, వాటికి టిఫిను పెట్టాలని తోచలేదు. నాతో సహా."

"డబ్బా మీద ఏం రాయాలి?" అని కంపెనీ ఆవిడ అడిగింది.

జవాబు మందాకిని చెప్పబోయింది. వరహాలమ్మ ముందు చెప్పింది. "తెలుగులో రాయండి. పెద్దక్షరాల్తో. 'ఇది తాగిన పూట అన్నం తినకూడదు' అని. చదువురానోళ్లకి బొమ్మ వెయ్యండి, కంచం మీద అడ్డగీత గీసి. అరవై ఇళ్లకీ ఇవాళే చెప్పండి." కొంచెం ఆగి అంది. "ఆ ఖాళీ పెట్టె నాకిచ్చేస్తారా?"

ఇర్ఫాన్ కడిగి తుడిచి ఇచ్చాడు.

*

ఆ వారం రోజులూ ఇల్లు యుద్ధరంగమే. పెట్టె లేదు కాబట్టి పూటపూటా సూది తప్పలేదు. పొద్దున టిఫిను లేదు, గ్లాసు. మధ్యాహ్నం అన్నం లేదు, గ్లాసు. రాత్రి గుప్పెడు అన్నం, పప్పు, కూర. వరహాలమ్మ ప్రతి గ్లాసుకీ ఒక శాపం పెట్టి తాగింది. "సున్నం నీళ్లు తాగినట్టుంది" అంది ఒకరోజు. "మీ లేబొరేటరీ మీద పిడుగు పడ" అంది ఇంకోరోజు. సూర్యారావు కాజాలు వరండాలోకి మారాయి. అక్కడా చప్పుడు వినపడుతోందని ఆవిడ ఫిర్యాదు చేస్తే ఆయన మేడమీదకి వెళ్లాడు.

రెండు వందల అరవై. రెండు వందల ముప్ఫై ఎనిమిది. ఒకరోజు మళ్లీ రెండు వందల డెబ్బై. ఆ రోజు మందాకిని అరిచింది, అత్తగారు తిరిగి అరిచింది, చివరికి నేరం రాత్రి పప్పులో సూర్యారావు వేసిన బెల్లం ముక్కదని తేలింది. రెండు వందల పది. నూట తొంభై ఆరు.

లేబొరేటరీలో దీక్షితులు రోజూ పొద్దున ఇడ్లీల ఇండెంటు మీద సంతకం చేస్తున్నారు. జీవితంలో ఇంతకంటే దిగజారే పని ఇంకొకటి ఉంటుందా అని ఇర్ఫాన్‌ని అడిగారట. చట్నీ కూడా రాయండి సార్ అన్నాడట అతను.

ఇరవై నాలుగో తారీకున సర్జను కట్టు విప్పి చాలాసేపు చూశాడు. దూదితో మెల్లగా తుడిచాడు. అడుగున, నల్లటి అంచుకి లోపలగా, గోరింటాకు చుక్కంత ఎర్రటి కొత్త కండ.

"గోరు పోతుంది. వేలు ఉంటుంది" అన్నాడు. "మెట్టె మాత్రం ఆర్నెల్లు పెట్టకూడదు."

"మళ్లీ పెట్టుకోవడానికి వేలుందిగా" అంది వరహాలమ్మ. ఆటోలో ఇంటికొస్తూ దారి పొడుగునా కోడలి చెయ్యి వదల్లేదు.

పన్నెండున్నరకి మందాకిని గ్లాసు కలిపి తెచ్చింది. వంటింటి గట్టు మీద ఖాళీ పెట్టె ఉంది. వరహాలమ్మ గ్లాసు అందుకుని, అలవాటుగా చెంచాడు తీసి గరాటు దాకా తీసుకెళ్లింది. అక్కడ ఆగింది. ఏ దీపమూ వెలగదని గుర్తొచ్చి చెంచా తన నోట్లోనే పెట్టుకుంది. తర్వాత ముక్కు మూసుకోకుండా గ్లాసు ఖాళీ చేసింది.

గోడవతల నుంచి నూకరత్నం తల పైకి లేచింది.

"ఏం వదినా, వేలు దక్కిందంటగా! భోజనమైందా?"

వరహాలమ్మ ఖాళీ గ్లాసు వైపు చూసింది, కాలి వైపు చూసింది, పైట కొంగుతో మూతి తుడుచుకుంది.

"అయింది" అంది.